రెండో మీటరు

అంతరిక్ష నౌకల మీటర్లు సరిచూసే పని ఇళ్లకే వచ్చేశాక, మా ఇంటికి ఒక నౌకలోని రెండు మీటర్లు పడ్డాయి. రెండూ అక్కడి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాయి. వయసు మీద పడేకొద్దీ వాటి సున్నా పక్కకి జరిగిపోతుంది, మా నడుముల్లాగే. రోజూ ఆ తేడా తీసేసి అసలు అంకె పంపాలి. ఒక మీటరు నాది, రెండోది మా తోడికోడలు హైమది. ఒకరిది ఒకరు చూడకూడదు. ఇద్దరి లెక్కా కలిస్తేనే ఆఫీసువాళ్లకి నమ్మకం.

పదకొండేళ్లుగా కలుస్తూనే ఉంది. మా ఇద్దరి మధ్య కలిసిన విషయం అదొక్కటేనని అత్తగారు మురిసిపోయేవారు.

మొన్న కుక్కర్ విజిళ్ల హడావిడిలో నా టాబ్లెట్‌లో నలభై రెండు బదులు ఇరవై నాలుగు కొట్టి పంపేశాను. సాయంత్రానికి లెక్కలు బాగా కలిశాయని ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. కింద రెండంకెలూ ఉన్నాయి: నాది ఇరవై నాలుగు, హైమది ఇరవై నాలుగున్నర.

"నా టాబ్లెట్ చూసి రాస్తున్నావా?" అన్నాను.

"చివర కొంచెం మారుస్తూనే ఉన్నా కదక్కా," అంది, అదేదో పెద్ద కష్టమైనట్టు. "అయినా నువ్వు తప్పు చెయ్యవుగా!"

అంటే పదకొండేళ్లూ నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను. నా మీటరు ఎప్పుడు దారి తప్పిందో చెప్పేవాళ్లే లేరు. ఈ సంగతి బయటపెడితే నా అంకెలు కూడా చెత్తబుట్టలోకే.

అయినా ఆఫీసుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. హైమ కంగారుగా వచ్చింది.

"ఏం రాస్తున్నావక్కా?"

టాబ్లెట్ తనవైపు తిప్పాను.

"చూసి రాసుకో, నీకు అలవాటేగా. ఈసారి మాత్రం చివర ఏమీ మార్చకు."