తూటాకి కాపలా

“రేపు వాడి కాలికి బంతి తగిలిందంటే, ఎల్లుండి నుంచి నువ్వు ఇంట్లోనే ఉండొచ్చు,” అన్నాడు కోచ్.

గోడ తలూపాడు. ఏళ్ల తరబడి జట్టులో ఎడమవైపు కాపు కాస్తూ, గోల్ కొట్టడానికి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపుతున్నందుకు జనం ముద్దుగా పెట్టిన పేరది. ఈమధ్య మోకాళ్లు మొరాయిస్తుండటంతో అదే జనం పాతగోడ అంటున్నారు. వచ్చే ఏడాది అతన్ని జట్టులో ఉంచుతారో లేదో రేపటి ఆటతో తేలిపోతుంది. ఫుట్‌బాల్ తప్ప మరో పని చేతకాదు. అది తలుచుకుంటేనే అతనికి భయంగా ఉంది.

ఆపాల్సినవాడి పేరు తూటా. ఎదుటి జట్టులో మైదానం కుడి అంచు వెంట పరుగెత్తే వింగర్. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. ఈ సీజన్‌లోనే దిగాడు. పరుగందుకున్నాడంటే వెంటపడినవాళ్లకి చొక్కా మీద నంబరు కూడా సరిగ్గా ఆనదు.

చిత్రమేమిటంటే, తూటాకి సొంత జట్టువాళ్లే బంతి ఇవ్వరు. ఈల మోగగానే అతను అంచు వెంట దూసుకుపోతాడు. అవతలి జట్టులో ఇద్దరు ముగ్గురు లబోదిబోమంటూ వెంటపడతారు. వాళ్లు ఖాళీ చేసిన చోట ఇంకెవడో తాపీగా గోల్ కొట్టేస్తాడు. తూటా నడుచుకుంటూ వెనక్కి వస్తాడు.

దీని మీద టీవీలో రోజూ రచ్చే. అంత వేగం ఉన్నవాణ్ణి ఎరగా వాడుకుంటున్నారని ఒక విశ్లేషకుడు దాదాపు కన్నీళ్లు పెట్టుకున్నాడు. బంతి లేకుండానే ఇంతలా హడలెత్తిస్తున్నాడు, అదే బంతి ఇస్తే ఏమైపోతామో ఆలోచించండి అన్నాడు ఇంకొకాయన. బంతి కావాలని ఒక్కసారైనా చెయ్యెత్తి అడగడు చూడండి, సంస్కారమంటే అదీ అని మూడో ఆయన.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బామ్మర్ది ఫోను తీసి వీడియోలు పెట్టాడు. అతను తూటాకి వీరాభిమాని.

“ఇది చూడు బావా. బంతి సరిగ్గా కాళ్ల దగ్గరికొచ్చింది. ఎగిరి దాటేశాడు. వెనకున్నవాడు గోల్ కొట్టాడు. మామూలు బుర్రకి తట్టే ఆలోచనేనా అది?”

“రేపు మీ బావ వాణ్ణి ఆపాలిరా,” అంది గోడ భార్య.

“ఆపడం బావ చేతుల్లో ఎక్కడుందక్కా? వాళ్ల కోచ్‌కి బుద్ధి రాకూడదని దణ్ణం పెట్టుకోవడమే.”

గోడ కంచం పక్కకి జరిపి, ఆ వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.

మర్నాడు ఆట మొదలయ్యే ముందు తూటాని మొదటిసారి దగ్గర్నుంచి చూశాడు. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. గీత దగ్గర ఒంటిమోకాలి మీద కూర్చుని, వేళ్లు నేలకి ఆనించి, తల దించుకుని ఉన్నాడు. ఆట మీద అంత భక్తి ఉన్నవాణ్ణి గోడ ఇంతవరకు చూడలేదు. తనమీద తనకే కాస్త సిగ్గేసింది.

ఈల మోగింది. పరుగులో వాణ్ణి అందుకోవడం కల్ల అని గోడకి తెలుసు. అందుకని బంతికీ వాడికీ మధ్య అడ్డంగా పాతుకుపోయాడు. కోచ్ సాయంగా మధ్యలో ఆడేవాణ్ణి కూడా అటే పంపాడు. తూటాకి ఇవ్వండి, తూటాకి ఇవ్వండి అని రెండు జట్ల అభిమానులూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఎవరూ ఇవ్వలేదు.

ఆట చివరికొచ్చాక ఎవరి కాలికో తగిలి దారి తప్పిన బంతి నేరుగా తూటా వైపు దొర్లింది. స్టేడియమంతా లేచి నిలబడింది. తూటా ఉన్నచోటే బిగుసుకుపోయాడు. గురి చూసుకుంటున్నాడనుకున్నాడు గోడ. మోకాళ్ల సంగతి దేవుడికి వదిలేసి, పడుతూ లేస్తూ వెళ్లి బంతిని ప్రేక్షకుల్లోకి తన్నేశాడు. తూటా బరువుగా ఊపిరి వదిలాడు. పాపం, ఎంత ఆశ పెట్టుకున్నాడో అనుకున్నాడు గోడ.

కాపలావాళ్లిద్దరూ తూటాని అంటిపెట్టుకునే ఉండటంతో ఆ వెంటనే నడిమధ్య నుంచి ఒకడు నింపాదిగా గోల్ కొట్టి వెళ్లాడు. గోడ జట్టు ఓడిపోయింది.

గోడ మీద మాత్రం ఎవరూ ఈగ వాలనివ్వలేదు. తూటాకి ఎట్టకేలకు దొరకబోయిన బంతిని ఆపిన మొనగాడని టీవీవాళ్లు మైకులు పట్టుకుని చుట్టుముట్టారు. వచ్చే ఏడాది కూడా నువ్వేనని కోచ్ అందరి ముందూ ప్రకటించాడు. బామ్మర్ది ఫోన్ చేసి, సంతోషంగానే ఉంది కానీ నిన్ను క్షమించడానికి కొంచెం టైం పడుతుంది బావా అన్నాడు. భార్య ఫోను లాక్కుని ఏడ్చేసింది. గోడకి ప్రాణం లేచి వచ్చింది.

బయటికి వెళ్తుంటే నడవా చివర కుళాయి దగ్గర తూటా ఒక్కడే మొహం కడుక్కుంటూ కనిపించాడు. గోడ మనసు చివుక్కుమంది. సొంత జట్టే నోరు నొక్కిన కుర్రాడు. వాడికి దక్కిన ఒకే ఒక్క అవకాశాన్ని పొట్టకూటి కోసం తను చెడగొట్టాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏమనుకోకు తమ్ముడూ. నా ఉద్యోగం అలాంటిది.”

తూటా అటూ ఇటూ చూశాడు. నడవాలో ఎవరూ లేరని తేల్చుకుని, గోడ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

“మీరు అడ్డం పడి నా పరువు నిలబెట్టారన్నా, నేను వంద మీటర్ల పరుగుపందేల వాణ్ణి, బంతి కాళ్ల దగ్గరికొస్తే ఏం చెయ్యాలో మా కోచ్ నాకింకా నేర్పలేదు.”