కెన్నీ ఉద్యోగం

"ఆ ఉద్యోగం నాకే ఇయ్యండి బాబూ" అని నేను అనగానే, నా కూతురు ఫెబా నన్ను పగదాన్ని చూసినట్టు చూసింది.

విమానం నుంచి వదిలాక ఇక దారి మళ్ళించే వీలులేని కొత్తరకం రాకెట్టును నా కొడుకు కెన్నీ పరీక్షిస్తుంటే, అది పరీక్షల షెడ్డులోనే పేలిపోయింది. కెన్నీ దక్కలేదు. వాడి జీతం తప్ప మాకు వేరే ఆధారం లేదు. నెల తిరక్కుండానే వాడి ఆఫీసరు మల్కాపురంలో మా ఇంటికి వచ్చి, అదే షెడ్డులో మా ఇద్దరిలో ఒకరికి పని ఇస్తామన్నాడు.

"డిగ్రీ సదివింది నాను. నువ్వెల్లి ఏటి సేత్తావమ్మా?" అంది ఫెబా.

"తుడుత్తాను. బూడిదెత్తుతాను."

"నా నోటికాడ కూడు లాగీసుకుంతన్నావు. నువ్వు కన్నతల్లివేనా?"

నేను ఆఫీసరు వైపు తిరిగాను.

"ఆ రాకెట్టు ఎందుకు పేలిందో తెలిసిందా బాబూ?"

ఆయన తల దించుకున్నాడు. "ఇంకా లేదమ్మా. మళ్ళీ కాల్చి చూస్తేగానీ తెలీదు. వచ్చే వారమే పరీక్ష."

ఫెబా వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నన్నే రాసీసుకోండి" అన్నాను. "ఇంకోపాలి పేలినా, ఈ పిల్ల ఇంట్లో ఉంతాది."