టోపీ మీద గోరింక ముద్ర

స్వామి దయ చూడండమ్మా! గోరింకకు గొంతు ఇచ్చాడు, కుట్టుపిట్టకు సూదిలాంటి ముక్కు ఇచ్చాడు.

ఆ గోరింక తోక ఊపుతూ, మాట మీద మాట విసురుతూ ర్యాప్ పాడేది. ఒకనాడు టేకాకు టోపీ పెట్టుకుని పాడింది. అంతే, అడవిలో కుర్రపిట్టలన్నీ అదే టోపీ కావాలన్నాయి.

గోరింక వెళ్లి టోపీలు కుట్టిపెట్టమంటే కుట్టుపిట్టేమో, "అన్నా, నేను చెట్టుమీదున్న ఆకునే కుడతాను. తెంపావంటే ఎండిపోతుంది," అంది.

"నువ్వు కుట్టవే చెల్లీ, మిగతాది నేను చూసుకుంటాగా!"

గోరింక ఆకులు తెంపింది. ప్రతి టోపీ మీదా తన కాలిముద్ర వేసి, రేగుపండుకొకటి చొప్పున అమ్మింది. కుట్టుపిట్ట పేరు మాత్రం ఎత్తలేదు.

నాలుగోరోజు పాట మధ్యలోనే టోపీలన్నీ పెళపెళమని పొడైపోయాయి.

"మోసం! ఇక నీ పాట వినం!" అని పిట్టలు లేచాయి.

గోరింక రెక్క చాచి కుట్టుపిట్టను చూపించింది. "కుట్టింది నేను కాదు, కుట్టుపిట్ట!"

ముసలి కాకి నవ్వింది. "ఒరేయ్ అబ్బాయ్, మెచ్చుకున్నన్నాళ్లూ ముద్ర చూపించావు. తిట్లు ఆ ముద్రకి కాక ఇంకెవరికిరా?"

గోరింక తల దించుకుంది. కాలితో దరువేస్తూ కొత్త పాట ఎత్తుకుంది:

"కుట్టింది మా చెల్లి, తెంపింది నేనే!"

లేచిన పిట్టలు మళ్లీ కొమ్మల మీద కూర్చున్నాయి.