కాళ్లు కదుపు తల్లీ

ఆపరేషన్ మధ్యలో పేషెంటును లేపడమంటే డాక్టర్ నంబియార్‌కి ఇప్పటికీ గుండె దడే.

రిస్వాన విషయంలో మరో దారి లేదు. పుట్టినప్పుడే మెదడు దెబ్బతిన్న పిల్ల. పదమూడేళ్లకే వెన్నెముక కొడవలిలా వంగి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తోంది. రాడ్లు వేసి నిలబెట్టకపోతే రెండేళ్లు బతకడం కష్టం. బిగించేటప్పుడు నరం నలిగితే కాళ్లలో ఉన్న కాస్త కదలికా పోతుంది. అది కనిపెట్టే యంత్రం ఇలాంటి పిల్లల దగ్గర చేతులెత్తేస్తుంది. అందుకే పాత పద్ధతి. సగంలో మత్తు తగ్గించి, కాళ్లు కదపమని అడగాలి.

ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజులు మంచం పక్కన నిలబడి ఆయనే నేర్పించాడు.

"కాళ్లు కదుపు తల్లీ!"

మొదటిరోజు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మాస్కు చూసి బెదురుతోంది డాక్టర్, తీసి అడగండి," అంది తల్లి సుహరా.

తీసి అడిగాడు. రెండు పాదాలూ టకటకా ఆడాయి.

"చూశారా, దానికిష్టమైన పత్తిరి రొట్టె పెడతానని ఆశ కూడా చూపక్కర్లేదు!" అని మురిసిపోయింది సుహరా. 'ఇన్ని జబ్బులున్న పిల్లని ముట్టుకోం' అని మూడు ఆసుపత్రులు తిప్పి పంపాక, ఆమె నవ్వడం అదే మొదలు.

ఐదోరోజు పిల్లని బల్లమీద బోర్లా పడుకోబెట్టారు. ఆరుగంటల పని. రాడ్లు బిగిశాయి. వీపు చక్కగా నిలబడింది. మత్తు తగ్గించారు. చేతివేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.

"మెలకువ వచ్చింది సార్," అంది మత్తు డాక్టర్.

"రిస్వానా! కాళ్లు కదుపు తల్లీ!"

కదపలేదు. వంగి చెవి దగ్గర అరిచాడు. బొటనవేలు కూడా ఆడలేదు.

అంటే నరం నలిగింది. ఆయన రాడ్లు విప్పేశాడు. వెన్ను మళ్లీ ఎప్పటిలా వంగిపోయింది.

సాయంత్రం ఐసీయూలో సుహరా కూతురి మొహంలో మొహం పెట్టి, "కాళ్లు కదుపమ్మా," అంది. రెండు పాదాలూ టకటకా ఆడాయి.

నంబియార్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకోసారి మత్తిస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవమ్మా. ఇక నేనేం చేయలేను. అంతలా అరిచానే, అప్పుడెందుకు కదపలేదు?"

సుహరా నేలమీద చతికిలబడి తల బాదుకుంది.

"అదీ చెబితే మీరూ పొమ్మంటారని దాచాను డాక్టర్... పుట్టుచెవుడు దానికి, మీ పెదాలు చూసి కదిపేది!"