పిల్లికళ్ళవాడి వాటా

పిల్లికళ్ళవాడు ఒక్కసారైనా ఓడిపోతే కళ్ళారా చూసి చావాలని పడవల మేస్త్రీ కోరిక. వాడు ఐసు వ్యాపారం పెడితే చలికాలంలో కూడా జనం ఎగబడి కొన్నారు. ఇద్దరిదీ ఒకే ఈడు. వాడి నోట్లో పళ్ళన్నీ పదిలంగా ఉన్నాయి, మేస్త్రీ నవ్వితే సందులు. ఇద్దరూ కలిసి కొన్న గుట్టకి కూడా పొద్దున్నే వాడొక్కడే వచ్చి, పంపకానికి చువ్వ పాతేసి వెళ్ళాడు. మేస్త్రీని ఒక్క మాట అడగొద్దూ?

"నడవరా, కొత్త పెళ్ళికొడుకులా ఆ నడకేంటి?" అన్నాడు పిల్లికళ్ళవాడు ముందు నడుస్తూ.

"నీకేం, కొవ్వు పట్టినోడివి. చలి ఆనదు."

"కోటు ఇవ్వనా?"

"నీ కోటు నాకెందుకు?" అన్నాడు మేస్త్రీ. ఆ కోటు మీద కూడా కన్నుంది అతనికి.

సముద్రంలోకి నాలుక చాచినట్టుండే సన్నటి గుట్ట అది. గాలి చెవుల్లో ఈలలేస్తోంది. మంచుకి తడిసిన గడ్డి కాళ్ళ కింద జారుతోంది. గుట్ట చివర నీళ్ళలోకి దిగే ఏటవాలు కనిపించగానే మేస్త్రీ ఆగిపోయాడు. అక్కడ సొంత షెడ్డు వేసుకుంటే చేసిన పడవని నేరుగా నీళ్ళలోకి తోసెయ్యొచ్చు. ఇన్నాళ్ళూ ఎవడి షెడ్డులోనో, ఎవడి మాటో పడుతూ ఉలి పట్టాడు. ఇక పట్టకూడదు. వాటా అంటూ వస్తే సముద్రం వైపుదే రావాలి.

గుట్ట నడుమ పాతిన ఇనప చువ్వ దగ్గర పిల్లికళ్ళవాడు ఆగాడు.

"ఇదిగో, దీనికి అడ్డంగా గీత. చువ్వకి అటు సముద్రం వైపు ఒక ముక్క, ఇటు రోడ్డు వైపు ఒక ముక్క. మన నాన్నలు చేపలు పంచుకున్నట్టే. కుప్పలు నేను వేశాను, కోరుకునేది నువ్వు. గుర్తుందిగా? కుప్ప వేసినవాడు కోరుకోకూడదు, కోరుకునేవాడు కుప్ప తాకకూడదు."

"తెలుసులేరా, పాఠాలు చెప్పకు."

"టేపు తెచ్చాను. కొలుచుకుంటావా?"

"నా కన్నే టేపు. పడవలో వెంట్రుకవాసి వంకర పట్టే కన్నిది."

"అయితే చూసుకుంటూ ఉండు. ఈ చలికి ఆగేట్టు లేదు," అంటూ పిల్లికళ్ళవాడు పెద్ద బండ చాటుకి నడిచాడు.

మేస్త్రీ ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు. వంగి చూశాడు. ఎలా చూసినా సముద్రం వైపు ముక్కే కురచగా కనిపించింది. కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టయింది. అదీ సంగతి! నాకేది కావాలో తెలుసు గనకే దాన్ని కోశాడు. పైకేమో కోటు ఇవ్వనా అట, కోటు!

రెండు చేతులా పట్టి చువ్వ పెకిలించాడు. రోడ్డు వైపు నాలుగు అంగలు వేసి, రాయితో నాలుగు దెబ్బలు కొట్టి దిగేశాడు. పాత బొక్కలో గులకరాళ్ళు నింపి కాలితో తొక్కాడు. ఇప్పుడు చూస్తే సరిగ్గా సగం. కడుపు చల్లబడింది.

పిల్లికళ్ళవాడు వచ్చి ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించాడు. మేస్త్రీ రెండు చేతులా అందుకున్నాడు. ఆ పిల్లికళ్ళు కాసేపు అతని చేతుల మీదే నిలిచాయి.

"నాకు సముద్రం వైపుది," అన్నాడు మేస్త్రీ, గుటక కూడా వెయ్యకుండా.

"ఆగరా." పిల్లికళ్ళవాడు అతని చెయ్యి పట్టి అరచెయ్యి తిప్పాడు. నిండా ఎర్రగా తుప్పు. "చువ్వ కదిపావు."

"నేనెందుకు కదుపుతాను? గాలికి ఒరిగిందేమో."

"గాలి రాయి పుచ్చుకు కొడుతుందా? చప్పుడు విన్నాను."

మేస్త్రీకి రోషం వచ్చింది. "అవున్రా, కదిపాను! నువ్వు నా ముక్క కురచ చేస్తే సరిచేశాను. తప్పా?"

"తప్పేం లేదు," అన్నాడు పిల్లికళ్ళవాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. "కాకపోతే ఇప్పుడు కుప్పలు వేసింది నువ్వు. కోరుకునేది నేను."

పూర్వం నాన్నలు కోరుకునేటప్పుడు చేపల కుప్పలకి వీపు పెట్టి నిలబడినట్టే చువ్వకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"సముద్రం వైపుది," అన్నాడు.

మేస్త్రీ చేతిలో టీ గడ్డి మీద ఒలికిపోయింది. "మోసం! పుట్టినప్పట్నించీ ఇంతే నువ్వు! నీదంతా నీకే, నాదీ నీకే! కురచ ముక్క వేసిందీ నువ్వే, ఇప్పుడు..."

పిల్లికళ్ళవాడు ఇటు తిరిగి, జేబులోంచి టేపు తీసి అతని తుప్పు చేతిలో పెట్టాడు.

"కొలువు. నువ్వు మూసిన బొక్క దగ్గర్నించి కొలువు. పడవకి పొడుగు కావాలి కదా అని, పొద్దున నీ వైపే అరవై గజాలు ఎక్కువ వేశాను."