చిటికెడు ఉప్పు

“నిన్నా అదే చెప్పాను. మామిడిరసంలో ఉప్పెందుకు?” సూర్యకాంతమ్మ గిన్నెలోకి వంగి చూసింది.

“చిటికెడేనండి అత్తయ్యగారూ. గడ్డకట్టాక తీపి తెలీదు. ఉప్పు పడితే తెలుస్తుంది.”

“తాటిముంజెలు అంత మెత్తగా నలిపేశావేంటి?”

“నలిపి కలిపితేనే ఐసు రాయిలా అవ్వదండి.”

“నాకు సరిగ్గా కనబడలేదు. మళ్ళీ మొదట్నుంచి చెయ్యి.”

నాగవల్లి పళ్ళు బిగబట్టి ఇంకో రసం మామిడిపండు పిసికింది. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పినప్పటి నుంచీ ఇదే వరస. పక్కనే నిలబడడం, ప్రతిదానికీ వంక పెట్టడం.

గొంతుకి రేడియేషన్ ఇచ్చాక మామగారు ఆదినారాయణరాజుకి సరిగ్గా మింగుడుపడేది నాగవల్లి చేసే మామిడి ఐసు ఒక్కటే. మొదట్లో సూర్యకాంతమ్మ చేస్తే రాయయింది. ఆయన గిన్నె పక్కకి నెట్టేశారు. ఇక ఆ పని కోడలిదే. పెనుగొండలో పుట్టింటికి వెళ్ళినా సాయంత్రానికల్లా తిరిగి రావాల్సిందే.

కడియంలో మొక్కల ల్యాబ్. చదివిన చదువుకి ఇన్నేళ్ళకి దొరికిన ఉద్యోగం. సోమవారం చేరాలి. అక్కడే గది, ఆదివారాలు ఇంటికి.

“నాన్నగారి సంగతి చూస్తున్నావుగా. ఈ ఏడాదికి రానని చెప్పెయ్,” అన్నాడు భర్త శ్రీనివాసరాజు, రొయ్యల చెరువుకి బయల్దేరుతూ.

కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద? జబ్బు మనిషి ఆకలి మీదా?

ఫ్రీజర్లో రొయ్యల ప్యాకెట్లు జరిపి ఐసుగిన్నె పెడుతుంటే, వెనక మూల మూతపెట్టిన చిన్న గిన్నె కనబడింది. లోపల పసుపుపచ్చగా రాయిలాంటి గడ్డ. తను ఎప్పుడో పాడుచేసింది కాబోలు. నలుగురిలో చూపించడానికి అత్తగారు దాచి ఉంచారన్నమాట.

“అక్కడేం వెతుకుతున్నావు? ఫ్రీజరు సంగతి నేను చూసుకుంటాను, ఇవతలికి రా,” సూర్యకాంతమ్మ తలుపు వేసేసింది.

సాయంత్రం అందరూ వసారాలో చేరారు. ఐసు సూర్యకాంతమ్మే పట్టుకొచ్చి పెట్టింది. మనవరాలు గీతిక అప్పుడే రెండోసారి గిన్నె చాచింది. ఆదినారాయణరాజు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. గొంతు మెల్లగా కదిలింది. ఇంకో చెంచా. గిన్నె ఖాళీ అయింది.

“చూశావురా అబ్బాయ్,” అన్నారు బొంగురుగా. “ఈ చెయ్యి కడియం వెళ్ళిపోతే నేనేం తినాలి?”

“ఎక్కడికీ వెళ్ళదులెండి నాన్నగారూ. చెప్పేశాను.”

నాగవల్లి నోట్లో ఐసు ఇంకా కరగలేదు. ఉప్పు సరిగ్గానే పడింది. ఒళ్ళో ఫోన్ పెట్టుకుని, చేరలేనని ల్యాబ్‌కి మెసేజ్ కొట్టడం మొదలుపెట్టింది.

సూర్యకాంతమ్మ కొంగుతో భర్త మూతి తుడిచి, ఖాళీ గిన్నె అందుకుంది.

“ఈ పూట మీరు తిన్నది నేను చేసిందండి, అమ్మాయి చేసిన గిన్నె ఇంకా ఫ్రీజర్లోనే ఉంది. తను సోమవారం కడియం వెళుతుంది.”