ఎక్కడ దిగుదాం

"పార్కు గేటు ఎదురుగానే హోటల్ ఉండగా, ఊళ్లో దిగడమేంటండీ?" అంది భార్య.

ఇంజినీరు నగర పటాన్ని భోజనాల బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. సెలవు ఐదు రోజులు. అందులో నగరం చూడాలి, ఆ నగరానికి యాభై నిమిషాల దూరంలో ఉన్న వినోదాల పార్కూ చూడాలి. ఇంజినీరుతో సహా ఎవరూ ఎప్పుడూ అటు వెళ్లినవాళ్లు కారు. వారం రోజులుగా ఆ ఇంట్లో అన్నం కంటే ముందు బస మాటే వడ్డించుకుంటున్నారు.

"ఊళ్లో మ్యూజియం ఉంది. కోట ఉంది. గడియార స్తంభం ఉంది," అన్నాడు ఇంజినీరు. "స్టేషన్ పక్కన గదులు తీసుకుంటే అన్నీ నడిచే చూడొచ్చు. వీలుంటే ఒక పూట రైలెక్కి పార్కుకీ వెళ్లొద్దాం."

"వీలుంటేనా?" పన్నెండేళ్ల కూతురు చెంచా కింద పెట్టేసింది. "నేను నూట నలభై సెంటీమీటర్లు దాటాను నాన్నా. ఇప్పుడు నన్ను కొండచిలువ ఎక్కనిస్తారు."

కొండచిలువ అంటే ఆ పార్కులోకెల్లా పెద్ద రైడు. మేడల పైకెక్కినట్టు పైకి పాకి, అక్కడి నుంచి తలకిందులుగా జారిపోయే రైలు. దాని కోసం ఆ పిల్ల మూడేళ్లుగా తలుపు పక్క గోడ మీద గీతలు గీసుకుంటూ పెరిగింది.

వాళ్లతో పాటు ప్రయాణానికి తయారైన బావమరిది పటం మీదికి వంగాడు. "బావా, మన ఊరి మ్యూజియం నీ ఆఫీసుకి ఎదురుగానే ఉంది. ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా లోపలికెళ్లావా?"

"అందుకే ఇప్పుడు వెళ్దామంటున్నా."

"ఎత్తంటే భయమని ఒప్పుకో, పోయేదేముంది. కళ్లు తిరిగేవాళ్ల కోసం అక్కడ బెంచీలు కూడా వేసుంటారు."

ఆఫీసులో ఇంజినీరు పెన్ను తీస్తే చాలు, ఏ ఊరి ఫైలైనా కదులుతుందని పేరు. ఇంట్లో మాత్రం ఎంత మొత్తుకున్నా మంచినీళ్ల గ్లాసు కూడా కదలదు.

చివరికి భార్యే తీర్పు చెప్పేసింది. "మూడు రాత్రులు ఊళ్లో, రెండు రాత్రులు పార్కు హోటల్లో. అక్కడ దిగినవాళ్లని గంట ముందే లోపలికి వదులుతారట. ఇంక దీని మీద మాట లేదు."

"సామాను రెండుసార్లు సర్దాలి."

"నేనే సర్దుతాను. మీరెప్పుడు సర్దారు కనుక?"

నగరంలో మూడు రోజులూ ఇంజినీరు మ్యూజియం కట్టించింది తానే అన్నట్టు తిప్పాడు. పగిలిన ప్రతి కుండ దగ్గరా పది నిమిషాలు నిలబడ్డాడు. గడియార స్తంభం రెండు వందల పద్నాలుగు మెట్లూ రెయిలింగు పట్టుకోకుండా ఎక్కేసి, పిట్టగోడ మీంచి వంగి కింద రోడ్డు చూశాడు. వెనకాల గోడకి బల్లిలా అతుక్కుని వచ్చిన బావమరిది ఆయాసపడుతూ, "నీకు ఎత్తంటే భయం లేదేంటి బావా?" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున, "మ్యూజియంలో పై అంతస్తు మిగిలిపోయింది. ఇంకో రెండు రాత్రులు ఇక్కడే..." అని మొదలుపెట్టాడు ఇంజినీరు. భార్య పెట్టె జిప్పు లాగిన చప్పుడుకి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆ రాత్రి పార్కు హోటల్లో పడుకుని, మర్నాడు గంట ముందే లోపలికి వెళ్లేసరికి పార్కులో ఇంకా జనం లేరు. "ముందు బాతు పడవలెక్కుదాం," అన్నాడు ఇంజినీరు. తర్వాత అద్దాల గది అన్నాడు. తర్వాత ఐస్‌క్రీం అన్నాడు. కూతురు వినిపించుకోకుండా తిన్నగా కొండచిలువ దగ్గరికి నడిచి, ఎత్తు కొలిచే కర్ర పక్కన నిటారుగా నిలబడింది. రైడు నడిపే ఆపరేటరు చూసి, "రెండు వేళ్లు ఎక్కువే ఉందమ్మా. రా," అని గొలుసు తీశాడు.

ఇంజినీరు కూతురి మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు."

"ఎందుకు నాన్నా?"

"వద్దన్నానా? నట్లు వదులై ఉండొచ్చు. పట్టాలు అరిగి ఉండొచ్చు. ఎవడు చూశాడు గనక?"

ఆపరేటరు మొహం మాడ్చుకున్నాడు. "పోయిన నెలే తనిఖీ అయింది సార్. అదిగో, సర్టిఫికెట్ అద్దం కట్టించి మరీ పెట్టాం."

"కాగితాలదేముంది?"

ఈలోగా ఎవరో భార్యాభర్తలు తమ కవలల్ని ముందుకు తోసి, బెల్టులు సరిచూసి, కిందికి వచ్చి చేతులూపుతూ నిలబడ్డారు. భార్యకి చిరాకు పుట్టింది. "అంతమంది పిల్లల్ని ఎక్కిస్తున్నారు కదండీ."

"వాళ్ల పిల్లలు, వాళ్ల ఇష్టం. నా కూతురు మాత్రం దీన్ని ఎక్కదు."

"చూశావా అక్కా," అన్నాడు బావమరిది, "మనం పిరికితనమనుకున్నాం. ఇది పితృప్రేమ."

ఇంజినీరు చెయ్యి చెమటతో తడిసిపోయింది. కూతురు అందులోంచి మణికట్టు జార్చుకుని, కళ్లు తుడుచుకుంటూ సర్టిఫికెట్ దగ్గరికి వెళ్లింది. "అక్కడేముంది, రా రా," అని తండ్రి పిలుస్తున్నా వినకుండా పైకే చదవసాగింది.

"ఈ రైడులోని ప్రతి భాగాన్నీ స్వయంగా స్థలానికి వచ్చి పరిశీలించి, ప్రజల వినియోగానికి పూర్తిగా సురక్షితమని ధ్రువీకరించడమైనది."

పైన కొండచిలువ మొదటి శిఖరం దాటింది. కవలలు కేక పెట్టారు. ఆ పిల్ల మునివేళ్ల మీద లేచి, కాగితం అడుగున ఉన్నదాన్ని దగ్గరగా చూసింది.

"అమ్మా, ఇది నాన్న సంతకమే. నా ప్రోగ్రెస్ కార్డు మీద చూడకుండా పెడతాడు కదా, అదే."